నేను కల్పించాననుకున్న జంట

నా నవల అచ్చయి వచ్చిన నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం, నాదస్వరం వాయించే ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. నుదుట విభూతి, చేతిలో పసుపురంగు తాంబూలం సంచి. సంచిలోంచి నా పుస్తకం తీశాడు. మధ్యలో ఒక పేజీ తెరిచి నా ముందు బల్లమీద పెట్టాడు.

"ఇది మీకు చెప్పింది యవురు సామీ?" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చింది. తాగలేదు.

"ఎవురూ చెప్పలేదబ్బా. నేనే అల్లినాను," అన్నాను.

"అల్లితే ఆరు ఎట్ల వచ్చె? ఆరు సీవాళ్ళు వేలాడతా ఉండాయని రాసినారు. అయిదు గాదు, ఏడు గాదు. ఆ పొద్దు ఆడ ఉండింది ఆరే. అది నాకు తెలుసు, మా అన్నకు తెలుసు. మూడో మనిషికి తెల్దు."

నాదస్వరం పైకొనకు తగిలించి నోట పెట్టుకునే గడ్డిపీకను మా వైపు సీవాళి అంటారు. అది సున్నితమైన వస్తువు. ఎండకు ఎండిపోతుంది, వానకు మెత్తబడుతుంది, పాట మధ్యలో పగులుతుంది. అందుకే వాయించేవాళ్ళు మరికొన్నింటిని దారానికి గుచ్చి వాద్యానికే గుత్తిగా కట్టుకుంటారు. నా నవలలో ఇద్దరు నాదస్వర విద్వాంసులు ఉంటారు. చిన్నవాడి సీవాళి ఒక పెళ్ళిలో పగులుతుంది. చేయి చాపితే పెద్దవాడు గుత్తిని పిడికిట్లో మూసుకుని పక్కకు తిరుగుతాడు. వాళ్ళ జంట విడిపోవడం అక్కడే మొదలవుతుంది. ఆయన వేలు పెట్టి చూపించిన పేజీ అదే.

"మా అన్న నాతో మాట మానేసినాడు," అన్నాడాయన. గొంతు కొంచెం తగ్గింది. "నేనే మీకు చెప్పినానంట. నేను చెప్పలే. అంటే ఆయనే చెప్పుండాల. చెప్పి నామింద తోస్తా ఉండాడు. ఇరవై ఎనిమిదేండ్లు సామీ, ఒకే మేళం. ఇంగ పదిదినాల్లో కాణిపాకం పక్కూర్లో తిరునాళ్ళు. వేరే జోడు సూసుకోండని ఆ వూరాయనకు చెప్పేసినాడంట మా అన్న. నాతో గూడా ఒక మాట అనలే."

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ బస్సు ఎన్ని గంటలకు వచ్చింది, ఎన్ని నిమిషాలు ఆలస్యం, ఎందుకు ఆలస్యం, ఇవి రాయడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చాక నా రోజు రాసుకునేవాణ్ణి. పెళ్ళికాక ముందునుంచీ ఒక్కరోజు మానకుండా డైరీ రాశాను. రాయడమే తప్ప తిరిగి చదివే అలవాటు నాకు లేదు. వెళ్ళిపోయిన బస్సు వెనక పరుగెత్తి ఏం లాభం?

ఒకరోజు మా ఆవిడ అంది: "జరిగిందే రాస్తావు జీవితమంతా. జరగనిది ఒక్క ముక్కన్నా రాసినావా?" వేళాకోళానికే అంది. నాకు మాత్రం పట్టుకుంది. జరగనిది రాయాలంటే నవల రాయాలి. నాకు నాదస్వరం ఇష్టం. పల్లెల్లో తిరునాళ్ళతో మొదలుపెట్టి, రేడియోదాకా పోయి, మద్రాసు సభల్లో పేరు తెచ్చుకుని, చివరికి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పోయిన జంట కథ అనుకున్నాను. అలాంటి జంట నాకు ఎవరూ తెలియదు. తెలియకపోవడమే మంచిదనిపించింది.

రాసేటప్పుడు కూడా నా పద్ధతి విడవలేదు. నోటుపుస్తకంలో పేజీకి రెండు గడులు గీశాను. ఒకదాని మీద "చూసినది" అనీ, రెండోదాని మీద "కల్పించినది" అనీ. ప్రతి ఘట్టాన్నీ ఏదో ఒక గడిలో వేశాను. కల్పించినది ఎక్కువైనకొద్దీ సంతోషంగా ఉండేది. డెబ్బై ఏళ్ళ వయసులో కొత్త విద్య పట్టుబడుతున్నట్టు.

చిత్తూరులో ఒక ప్రెస్సులో మూడువందల కాపీలు వేయించాను. తెలిసినవాళ్ళకు పంచగా మిగిలినవి మంచం కింద చేరాయి. ఊడ్చినప్పుడల్లా చీపురుకు అడ్డం వస్తున్నాయని మా ఆవిడ ఒక ఉపాయం చేసింది. వాళ్ళ చెల్లెలి కొత్తింటి గృహప్రవేశానికి తాంబూలం సంచుల్లో టెంకాయ, వక్కాకు, జాకెట్టుగుడ్డతో పాటు నా నవల కూడా వేసింది. ఆ రోజు మేళం వాయించింది ఈ ఇద్దరే. నేను వాళ్ళతో ఒక్కమాట కూడా మాట్లాడలేదు. పోయేటప్పుడు చెరొక సంచీ ఇచ్చి పంపారు.

"బస్సులో పోతా మా అన్న అన్నాడు," అని ఆయన చెప్పుకొచ్చాడు. అప్పటికి కూర్చున్నాడు. "'ఏందబ్బా ఇది, మన నాదస్వరం బొమ్మ వేసుండాదే. సదువు' అన్నాడు. ఆయనకు కండ్లద్దాలు లేకుంటే అక్షరం ఆనదు. నేను గెట్టిగా సదువుతా ఉండా. చంద్రగిరి దాటినాంక ఈ పేజీ వచ్చె. నా నోరు పడిపాయ. 'ఏమిరా నిలిపేసినావు' అంటే, 'బస్సు కుదుపులకు తల తిరగతా ఉండాదిన్నా' అన్నా. ఇంటికి పోయి కోడలిచేత సదివించుకున్నాడంట. తెల్లారి ఫోన్ చేసి ఒకటే మాట. 'ఇరవై ఏండ్ల కత ఊరంతా పంచినావు గదరా' అని."

నేను లేచి నా నోటుపుస్తకం తెచ్చాను. సీవాళి ఘట్టం "కల్పించినది" గడిలో స్పష్టంగా ఉంది. చూపించాను. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి చూశాడు.

"మీరే రాసుకొని, మీరే సాచ్చెం చెప్తే ఎట్ల సామీ?" అన్నాడు.

నలభై ఏళ్ళ ఉద్యోగంలో నా పుస్తకంలోని రాతను ఎవరూ కాదనలేదు. డ్రైవర్లు పోట్లాడినా చివరికి అదే ప్రమాణం. ఈయన తేలిగ్గా పక్కన పెట్టేశాడు. నాకు కొంచెం రోషం వచ్చింది. ఆయన తప్పూ లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆయన అన్న, ఆ పెద్దాయన ఊరికి పోయాను. ఆయన వసారాలో చాపమీద కూర్చుని నాదస్వరానికి నూనె పట్టిస్తున్నాడు. అరవై అయిదు పైన ఉంటాయి. నేనెవరో చెప్పగానే గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. మర్యాదగా కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

నోటుపుస్తకం ఆయనకూ చూపించాను. మీ తమ్ముడు నాతో నిన్నటివరకూ ఒక్కమాట మాట్లాడలేదనీ, ఇదంతా నా తలకాయలోంచి వచ్చిందనీ చెప్పాను.

"సరే సామీ," అన్నాడు. "మీరు అల్లినారనే అనుకుందాం. 'కుళ్ళుతో పిడికిలి మూసుకున్నాడు' అని రాసినారే. ఆ కుళ్ళు అనే మాట యవురిది?"

"నాదే."

"నా కడుపులో కుళ్ళు మీరు సూసినారా?"

"మీ గురించి కాదప్పా, అది నవల..."

"ఆ మాట వానిది సామీ," అన్నాడు ఆయన. "సీవాళి ఇయ్యలేదని యవురన్నా సూసి చెప్పొచ్చు. కుళ్ళుతో ఇయ్యలేదని వాడొక్కడే అనుకోగలడు. అంటే ఇన్నేండ్లూ నా పక్కన కూసోని, నాతో సద్ది పంచుకొని తిని, లోపల ఈ మాట పెట్టుకోనుండాడు. పుస్తకం వేసినందుకు నాకేం బాధ లేదు. అది బాధ. వాని పక్కన కూసోని ఇంగ నేను ఊదలేను."

అది జరిగింది ఎక్కడ అని అడిగాను.

"శ్రీకాళహస్తిలో. ఒక సత్రంలో పెండ్లి. వాన కురస్తా ఉండింది. పెండ్లికొడుకు బస్సు ఏర్పేడు కాడ నిలిచిపాయ. ముహూర్తం దాటిపోతాదని ఆడోళ్ళు ఏడస్తా ఉండారు. యాడనించో ఇంగో బస్సు పంపించినారు. ఏ యేడో గ్యాపకం లేదు."

కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఏర్పేడు దగ్గర నిలిచిపోయిన పెళ్ళి బస్సు. ఇంకో బస్సు పంపింది ఎవరు? ఆ పని చేసే కుర్చీలో ఆ రోజుల్లో కూర్చుంది నేనే. కానీ పెళ్ళి బస్సులు చెడిపోవడం మా ఉద్యోగంలో కొత్త కాదు. ఎన్నో పంపి ఉంటాను. ఆయనకు ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, మామిడితోటలు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి ఇనుప పెట్టెలు రెండూ హాల్లోకి ఈడ్చాను.

"ఏమయ్యా, ఇల్లు మారతా ఉండామా?" అంది మా ఆవిడ.

విషయం చెప్పాను. ఆమె పెట్టెలకేసి చూసి, "ఆ కాళాస్త్రి పెండ్లికి నువ్వు పోయినావు. నేను రాలే. పిలకాయలకు పరీక్షలని ఇంట్లోనే ఉంటి. వచ్చినాంక కూర గురించి చెప్తివి," అంది.

"కూర గురించా?"

"నీకు అది తప్ప ఇంకేం గ్యాపకం ఉంటాది?"

పరీక్షలంటే వేసవి. వేసవిలో వాన, పెళ్ళిళ్ళ నెల. పిల్లలు బడిలో చదివిన ఏళ్ళు విడిగా తీసి పెట్టుకుని, ఒక్కో డైరీలో ఆ నెలల పేజీలు మాత్రం చూస్తూ పోయాను. మొదటిరోజు ఏమీ దొరకలేదు. నా రాతను నేనే మొదటిసారి చదవడం వింతగా ఉంది. ఎండ ఎంత కాసిందో, ఎవరు సెలవు పెట్టారో అన్నీ ఉన్నాయి. నేనేమనుకున్నానో ఒక్కచోటా లేదు.

మూడో రోజు పొద్దున, టిఫినుకు ముందు, దొరికింది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ దించుతున్నాను, పేరొక్కటి తీసేసి.

"శ్రీకాళహస్తి. తోటి ఉద్యోగి కుమార్తె పెళ్ళి. పెళ్ళికొడుకు బస్సు ఏర్పేడు వద్ద చెడింది. వేరే బస్సు పంపి నేనూ అందులోనే వెళ్ళాను. ముహూర్తం తప్పలేదు. వాన. నాదస్వరం ఇద్దరు. చిన్నతని సీవాళి పగిలింది. పెద్దతని వాద్యానికి ఆరు వేలాడుతున్నాయి, లెక్కపెట్టాను. చేయి చాపితే ఇవ్వలేదు. పిడికిలి మూసి పక్కకు తిరిగాడు. తరువాత గంటకు పైగా ఒక్కడే వాయించాడు. భోజనాలయ్యాక చేతులు కడిగే చోట పెద్దతను ఆ ఆరు సీవాళ్ళనూ ఒక్కొక్కటీ తెంపి కాలువలో పారేస్తున్నాడు. ఎందుకో తెలియలేదు. వంకాయ కూర బాగుంది."

రెండుసార్లు చదివాను. నేను అక్కడ ఉన్నాను. చూశాను. లెక్కపెట్టాను. ఇంటికొచ్చి రాసుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత అదే దృశ్యం నా తలలో లేచి వస్తే, నా ఊహాశక్తికి మురిసిపోయి, "కల్పించినది" గడిలో వేసుకున్నాను. నా నవలలో ఇది బాగుంది అని నలుగురూ మెచ్చుకున్న ఒకే ఒక్క ఘట్టం అది.

సిగ్గేసింది. దానివెంటే ఇంకొకటి తోచింది. పిడికిలి మాత్రం నవలలోకి వచ్చింది. కాలువ రాలేదు. పోట్లాటకు పిడికిలి పనికొస్తుంది, కాలువ పనికిరాదు. నాకు తెలియకుండానే నాలోపల ఎవడో ఏరుకున్నాడు.

ఇద్దరికీ ఫోన్ చేశాను. ఎవరు చెప్పారో రాతపూర్వకంగా రుజువు దొరికింది, వచ్చి చూసుకోండి, ఆయన కూడా వస్తున్నాడు అన్నాను. అబద్ధమేమీ ఆడలేదు.

"వస్తా సామీ," అన్నాడు పెద్దాయన. "వాని మొగం సూడాల."

"వస్తా సామీ," అన్నాడు చిన్నాయన. "ఆయన ఏం చెప్తాడో ఇనాల."

ఇద్దరూ పదింటికే వచ్చారు. పెద్దాయన హాల్లో నిలబడ్డాడు, చిన్నాయన గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాడు. మా ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మా ఇంట్లో ఉండేది ఒకటే సోఫా. ఇద్దరూ దానిమీదనే కూసోవాల. లేదంటే నేను కాఫీ పెట్టను," అంది. కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి.

డైరీ చదివి వినిపించాను. మొదట సంవత్సరం చెప్పాను, తర్వాత వాక్యం తర్వాత వాక్యం, బస్టాండు మైకులో చెప్పినట్టు. "లెక్కపెట్టాను" అన్నచోట చిన్నాయన తలెత్తాడు. కూర గురించిన వాక్యం కూడా వదల్లేదు.

"అంటే చెప్పింది మీరే!" అన్నాడు చిన్నాయన. నవ్వాలో కోప్పడాలో తెలియని మొహం. "మాకు మేము కొట్టుకు సస్తా ఉంటే, దొంగ మీరేనా సామీ?"

"నేనే," అన్నాను. "నాకే తెలియలేదు. మీలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు."

పెద్దాయన నేలకేసి చూస్తున్నాడు. ఆయనకు ఉపశమనం కలుగుతుందనుకున్నాను. అలా కనిపించలేదు. నేను డైరీ మూయబోతుంటే చిన్నాయన చేయి అడ్డం పెట్టాడు.

"ఆ కాలవ మాట ఇంగోసారి సదవండి."

చదివాను.

"ఆరూ పారేసినావా అన్నా?"

పెద్దాయన భుజమ్మీది కండువా సర్దుకున్నాడు.

"మంచి సీవాళి యవుడన్నా పారేస్తాడా? ఒక్కొక్కటి పదునుకు తెచ్చుకోవాలంటే నెల పడతాది. నువ్వు పాత దారం గూడా పారెయ్యవే. ఆరూ ఎందుకు పారేసినావు?" తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అవి సచ్చిన సీవాళ్ళా అన్నా?"

"ఊ," అన్నాడు పెద్దాయన.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ కాఫీ పళ్ళెంతో అలాగే నిలబడిపోయింది.

ఆయన చెప్పడానికి చాలాసేపు పట్టింది. తిరుత్తణి పక్క ఒక ముసలాయన ఉండేవాడట. ఈయన నాయన కాలంనుంచీ ఆయనే సీవాళ్ళు చేసిచ్చేవాడు. ఆ ఏడు ఆయన పోయాడు. ఇంకెవరి పనీ ఈయన నోటికి కుదరలేదు. ఉన్నవన్నీ ఒక్కొక్కటే పాడైపోయాయి. ఆ పెళ్ళినాటికి నోట్లో పెట్టుకున్నది ఒక్కటే పలికేది.

"మరి గుత్తి ఎందుకు కట్టుకున్నావు?" అన్నాడు చిన్నాయన.

"ఏమిరా అట్లంటావు? గుత్తి లేకుండా పెండ్లికి పోతే మేళగాడంటారా? మా నాయన ఎట్ల కట్టుకునేటోడో నువ్వు సూడలేదా? పదీ పన్నెండూ వేలాడతా ఉండేవి. మండపంలోకి వస్తానే జనం సూసేది దాన్నే. సచ్చినవైనా సరే, ఆరు ఏరి, పగులు కనపడకుండా తిప్పి కట్టినా."

"నాకు చెప్పుంటే పోయేది గదన్నా. సెవిలో ఒక మాట. 'ఇవి పలకవు రా' అని."

"ఎట్ల చెప్పేదిరా?" పెద్దాయన మొదటిసారి అతని వైపు తిరిగాడు. "దానికి ముందు పెండ్లిలో నలుగురి ముందర నిన్ను తిట్టినా గ్యాపకం ఉండాదా? రెండే సీవాళ్ళు పెట్టుకోని వస్తావా, నీకు సిగ్గుండాదా, మా నాయన నీకు ఇదేనా నేర్పించిందని. అన్ని మాటలన్నోణ్ణి, నాకాడ ఒకటే ఉండాదని నీతో ఎట్ల చెప్పాల?"

"చెప్పుంటే నగేటోణ్ణి."

"అదే. నగతావనే."

"నగి, పరిగెత్తిపోయి యాడన్నా తెచ్చేటోణ్ణి గదన్నా!" చిన్నాయన గొంతు పెరిగింది. "గంటకు పైన నువ్వొక్కడివే ఊదితివి. నేను పగిలిన దాన్ని ఒళ్ళో పెట్టుకోని బొమ్మ మాదిరి కూసుంటి. వీణ్ణి పక్కన పెట్టాలనే సూస్తా ఉండాడు, నా పేరు పైకి రాకూడదని, అనుకుంటి. ఇరవై ఏండ్లు అనుకుంటానే ఉండా. నీ పక్కన కూసోని, నీకు శ్రుతి పడతా."

"ఆ పొద్దు నా పెదాలు పగిలి రగతం వచ్చె," అన్నాడు పెద్దాయన. "నువ్వు ఊదలేవని జనానికి తెలీకూడదని నిలపకుండా ఊదినా. మూడు దినాలు అన్నం తినలే, గంజి తాగినా."

అంతటితో ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారని రాయాలని ఉంది. అలా జరగలేదు. చిన్నాయన లేచి బయటికి పోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు దగ్గర మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పెద్దాయన సోఫాలో ఒక్కడే మిగిలాడు. కోపం రావడం న్యాయమే అనిపించింది నాకు. ఇరవై ఏళ్ళు మోసిన అనుమానం ఉత్తదని తెలిస్తే మనిషికి వెంటనే తేలికపడదు. ఎందుకు మోయించావురా దేవుడా అనిపిస్తుంది ముందు.

మా ఆవిడ కాఫీ పళ్ళెం అక్కడే పెట్టి మజ్జిగ గ్లాసుతో గేటుదాకా పోయింది. ఏం మాట్లాడిందో నాకు వినిపించలేదు. తర్వాత అడిగితే, "ఏం మాట్లాడలే. ఎండలో కాళ్ళు కాలతాయి, చెట్టు కిందికి రా నాయనా అన్నా, అంతే," అంది.

పావుగంట తర్వాత అతను లోపలికొచ్చాడు. చేతిలో ఫోను.

"కాణిపాకం పక్కూరాయనకు ఫోన్ చేసినా," అన్నాడు, ఎవరివైపూ చూడకుండా. "ఇంగా వేరేవాళ్ళను మాట్లాడలేదంట. తమిళనాడోళ్ళను అడిగితే రేపు చెప్తామన్నారంట."

"నువ్వేమన్నావు?" అన్నాడు పెద్దాయన.

"ఇద్దరం వస్తా ఉండామన్నా. మళ్ళీ మార్సుకోవాలంటే నువ్వే చేసి చెప్పుకో. నాకు ఆయప్పతో మాట్లాడే ఓపిక లేదు."

పెద్దాయన అతని వైపు తిరిగాడు. "డోలు వాయించేవానికి చెప్పినావా?"

"వానికి చెప్పకుండా ఎట్ల? వాడు ఇంగో మేళానికి ఒప్పుకోబోతా ఉండినాడు. తిట్టి నిలిపినా."

"ఏమని తిట్టినావు?"

"నువ్వు నన్ను తిట్టినట్లే."

మా ఆవిడ నవ్వేసింది. పెద్దాయన నవ్వలేదు గానీ సోఫాలో ఒకపక్కకు జరిగాడు. చిన్నాయన కూర్చున్నాడు. ఆ రోజు వాళ్ళు మా ఇంట్లోనే భోంచేశారు. తింటున్నంతసేపూ మాట్లాడుకుంది తిరునాళ్ళ గురించే. మొదటిరోజు ఊరేగింపు ఎటునుంచి ఎటు పోతుంది, చిన్న వీధిలో మోటారు సైకిళ్ళు అడ్డం పెడతారు, పోయినేడు ఎవరో స్పీకరు పెట్టి సినిమా పాటలు వేసి గోల చేశారు, ఈసారి ముందే చెప్పాలి. సీవాళి మాట మళ్ళీ ఎత్తలేదు. నా నవల మాట కూడా ఎత్తలేదు.

తిరునాళ్ళ మూడోరోజు నేనూ పోయాను. పొద్దున్నే, ఎండ ముదరకముందు, దేవుణ్ణి పల్లకిలో వీధుల్లోకి తెచ్చారు. మేళం ముందు నడుస్తోంది. ఇద్దరూ పక్కపక్కనే, అడుగులో అడుగు వేస్తూ. ఒకరు ఊపిరి తీసుకునే చోట రెండోవారు అందుకుంటున్నారు. గుంపులో నా పక్కన పాలక్యాను పట్టుకుని నిలబడ్డ ఒకామె, "వీళ్ళు అన్నాదమ్ములాప్పా?" అని అడిగింది. కాదమ్మా, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నవాళ్ళు అన్నాను. "అన్నాదమ్ములైతే ఇంత బాగా కుదరదులే," అని ఆమె పోయింది.

పల్లకి ఒక ఇంటి ముందు హారతికి ఆగినప్పుడు చిన్నాయన నా దగ్గరికొచ్చాడు. మొహమంతా చెమట. "సామీ, మీ పుస్తకం మిగతాది సదివినా. ఆ ఇద్దరినీ ఆఖరిదాకా కలపలేదే మీరు?"

"లేదప్పా."

"పాపం గదా?"

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నా నవలలో పెద్దవాడికి నేను కుళ్ళు ఇచ్చాను, కారణం ఇవ్వలేదు. వాళ్ళిద్దరికీ ఒక సోఫా కూడా ఇవ్వలేదు. నేను మంచి రచయితనైతే కాలువ దగ్గర ఆగి ఉండేవాణ్ణి, ఎందుకో తెలియలేదు అని రాసినచోట ఇంకాసేపు నిలబడి ఉండేవాణ్ణి. దాన్ని ఇప్పుడు దిద్దే ఉద్దేశం నాకు లేదు. ఆ ఇద్దరూ వేరే మనుషులు. వాళ్ళ కథ అలాగే ఉండనీ. నోటుపుస్తకంలో మాత్రం రెండు గడుల మధ్య గీతను చెరిపేశాను.

ఈ వ్యాసం రాయాలనుకున్నప్పుడు ఈసారి ముందే అడుగుదామని ఇద్దరినీ పిలిచాను. రాతప్రతి చదివి వినిపించాను. పెద్దాయన కండ్లద్దాలు తెచ్చుకున్నాడు. నేను చదువుతుంటే కాగితం మీదికి వంగి ప్రతి వరుసా తనూ చూసుకున్నాడు.

"పేర్లు వద్దు సామీ," అన్నాడు చివరికి. "మేముండే ఊర్లూ వద్దు. మిగతాది ఉండనీ."

"నేను చెప్పుల్లేకుండా బయటికి పోయింది తీసేయండి," అన్నాడు చిన్నాయన.

"అది ఉండాల్రా. అదే బాగుండాది," అన్నాడు పెద్దాయన.

కాసేపు వాదులాడుకున్నారు. పెద్దాయన మాటే నెగ్గింది. లేచి పోతూ గుమ్మం దగ్గర ఆగి నావైపు తిరిగాడు.

"సామీ, ఇంగో మాట రాయండి. ఈసారి చెప్పింది మేమిద్దరమే అని."

రాశాను.